పేరా, పిల్లవాడా?

జూను మాసము వచ్చినదనిన మా సుల్తాన్ బజారున నడచుటకు చోటుండదు. కోఠి కూడలినుండి బడీచౌడీ వరకు తలిదండ్రులు పిల్లల చేతులు పట్టుకొని, బడివారిచ్చిన పట్టికలు విప్పుకొని, పుస్తకముల దుకాణములముందు నిలిచియుందురు. నోటుపుస్తకములు, అట్టలు, యూనిఫారములు, బూట్లు ఒక్కొక్కటి కొని పట్టికలో గీటు పెట్టుకొందురు. ఆ పట్టికలో లేని వస్తువులు కూడ కొన్ని మన పిల్లల సంచులలో చేరుచున్నవి. వానినిగూర్చి మనము మాటలాడుకొనము. మాటలాడవలసినదనియే నేడు కలము పట్టితిని.

అదే మాసమున 26వ తేది మాదకద్రవ్య వ్యతిరేక దినము. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన దినమది. ఆనాడు బడిపిల్లలు అట్టముక్కలపై నినాదములు వ్రాసికొని వీథులవెంట నడతురు, చేయి చాచి ప్రతిజ్ఞ చేయుదురు, ఒక యధికారి వచ్చి ఉపన్యసించును, ఫొటోలు తీయుదురు. మరునాటినుండి మరల జూను వచ్చువరకు ఆ మాట యెత్తువారుండరు.

గడచిన సంవత్సరము అట్టి ఊరేగింపులో ముందువరుసను నడచిన మా వీథి బాలుడొకడు ఈ సంవత్సరము బడిలో లేడు. పదవ తరగతి చదువవలసినవాడు. వాని సంచిలో గంజాయి నింపిన సిగరెట్టు దొరికినది. ఎవరిచ్చిరని యడిగినవారు లేరు. ఎన్నాళ్లనుండి యని యడిగినవారు లేరు. తండ్రిని పిలిపించిరి, తమ బడికి ఊరిలో పేరున్నదనిరి, ఆ సాయంకాలమే టీసీ చేతికిచ్చి పంపిరి. తండ్రి ఇంటికి వచ్చి, కుఱ్ఱవాడు ఇక అమ్మమ్మగారి ఊరిలో చదువునని ఇరుగుపొరుగువారితో చెప్పెను. నేనును ఆ మాట నమ్మినట్లు నటించి నా గుమ్మములోనికి పోతిని. ఆ నటనకు నేనిప్పటికిని సిగ్గుపడుచున్నాను. ఏలయనగా ఆ బాలుడు ఏ ఊరికిని పోలేదు. తోడివారు తరగతిలో కూర్చుండు వేళకు వాడు వీథి మలుపునందలి పాన్ డబ్బా యొద్ద నిలువబడుచున్నాడు.

బడికి పేరు దక్కినది. ఇంటికి గుట్టు దక్కినది. మత్తు అమ్మువానికి అంతవరకు సాయంకాలము అరగంటసేపు దొరకు బేరము ఇప్పుడు దినమంతయు దక్కినది. ముగ్గురికిని లాభమే. నష్టపడినవాడు 15 ఏండ్ల బాలుడొక్కడు.

నా వాదమింతే: మత్తునకు చిక్కిన విద్యార్థిని బడినుండి వెళ్లగొట్టుట నివారణము కాదు, అది మత్తు వర్తకునకు మనము చేయు సాయము. ఈ మాట కటువుగా తోచినవారు తుదవరకు చదివి, పిదప నన్ను నిందింపవచ్చును.

ఇది ఏదో యొక వీథిలోని ముచ్చట యని తీసివేయుటకు వీలులేదు. పిల్లల మత్తునుగూర్చి బచ్‌పన్ బచావో ఆందోళన్ వారు తెచ్చిన వ్యాజ్యెమున, 2016 డిసెంబరు 14న సుప్రీముకోర్టు కేంద్ర ప్రభుత్వమునకు మూడు పనులు విధించెను: ఆరు నెలలలో దేశమంతట లెక్కలు తీయింపుడు, నాలుగు నెలలలో కార్యప్రణాళిక సిద్ధము చేయుడు, పాఠ్యక్రమమున ఈ విషయమును చేర్పుడు. లెక్కలు 2019 ఫిబ్రవరికి గాని వెలువడలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తీసిన ఆ లెక్కలలో ఒక సంగతి తల్లి యైన ప్రతి స్త్రీయు గుర్తుంచుకొనవలసినది. ఇతర మత్తులన్నిటియందును పెద్దలే ఎక్కువగానుండగా, ముక్కుతో పీల్చు రసాయనముల విషయమున మాత్రము పిల్లలు పెద్దలను మించియున్నారు: పెద్దలలో నూటికి 0.58 వంతు, 10 మొదలు 17 ఏండ్లలోపు వారిలో నూటికి 1.17 వంతు. వైట్‌నరు, థిన్నరు, పంక్చర్లు అతుకు జిగురు మొదలైనవి ఈ కోవలోనివి. అక్షరదోషమును దిద్దుటకు పుట్టిన తెల్లని ద్రవము అక్షరము నేర్చువానినే చెఱచుచున్నది! సీసాలలో వైట్‌నరు అమ్మరాదని కేంద్రము 2012లోనే నిషేధించెను. ఐనను నాంపల్లి స్టేషను దరిని గుడ్డపేలికపై దానిని పోసి పీల్చు వీథిబాలురను మనలో చూడనివారెందరు? వారికి టీసీ ఇచ్చుటకైనను బడి యొకటి లేదు. మనము వెళ్లగొట్టిన పిల్లలు పోయి చేరు బడి అదియే.

అదే నాంపల్లిలో అబ్కారీ భవనమున్నది. 2017 జూలైలో ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఏ. అను ఘోరమైన మందులను అమ్ము ముఠా నొకదానిని ఆ శాఖవారు పట్టుకొనిరి. కొనువారిలో పాఠశాలల విద్యార్థులును ఉన్నారని వారే ప్రకటించిరి. నగరము ఉలిక్కిపడినది. పిదప జరిగినదేమి? విచారణకు చలనచిత్ర రంగమువారిని పిలువగా, వారు ఏ కారులో వచ్చిరి, ఎన్ని గంటలు కూర్చుండిరి అను వార్తలతో పత్రికలు నిండెను. భవనము ముందు కెమెరాలు బారులు తీరెను. బడిపిల్లల మాట నాలుగు దినములలో మరుగున పడెను. తారల సంగతి వినోదము. పిల్లల సంగతి మన యింటి సంగతి. వినోదమునకే మనము చెవి యొగ్గితిమి.

2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరున బడి పరిసరములలోని పాన్ డబ్బాలో గంజాయి కలిపిన చాకొలెట్లు అమ్ముచుండగా పోలీసులు పట్టుకొనిరి. 2025 సెప్టెంబరున సికింద్రాబాదు బోయినపల్లిలో అంతకంటె విపరీతము వెల్లడియైనది. ఒక పాఠశాల భవనమునందే, క్రింది గదులలో తరగతులు జరుగుచుండగా, పై గదులలో కల్లులో కలుపు ఆల్‌ప్రజోలాం అను మత్తుమందును వండుచుండిరట! తెలంగాణ పోలీసుల ఈగిల్ దళమువారు దానిని మూయించిరి. పాఠశాల కప్పు క్రిందనే విషము వండు కాలమున, ఒక బాలుని సంచిలో సిగరెట్టు దొరికినదని ఆ బాలుని పారద్రోలినంత మాత్రమున పాఠశాల పవిత్రమగునా?

ఇక ప్రతిపక్షులు చెప్పు మాటలను విచారింతము.

కుళ్లిన పండొకటి బుట్టెడు పండ్లను చెఱచును గావున దానిని తీసి పారవేయవలెనని కొందరందురు. పిల్లవాడు పండు కాడు. పండు తిరిగి మంచిది కాజాలదు, పిల్లవాడు కాగలడు. అదియునుగాక, పట్టుబడినవాడు మనకు తెలిసినవాడు. తెలియనివారు ఇంకను తరగతిలోనే యున్నారు. వాని శిక్షను చూచి వారు నేర్చునది మత్తు మానుట కాదు, దాచుట. అంతవరకు మాస్టరుగారియొద్దకు పోయి స్నేహితుని సంగతి చెప్పవలెనా యని తలచుచుండిన బాలిక ఇక నోరు మూసికొనును. రేపు మత్తుచే ఒకడు స్పృహతప్పి పడినయెడల, ప్రక్కనున్నవారు పెద్దలను పిలువక పరుగెత్తి పోదురు. భయపెట్టిన ఫలితమిది. ఒక్కని వెళ్లగొట్టి మనము బుట్టను బాగుచేయుట లేదు. బుట్టపై మూత వేయుచున్నాము.

కఠినముగ నుండనిచో క్రమశిక్షణ యుండదని మరికొందరందురు. కాఠిన్యము చట్టమునకు తెలియనిది కాదు. కాని చట్టము ఎవరియెడ కఠినముగనున్నదో చూడుడు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము పిల్లవానికి మద్యమో మత్తుమందో ఇచ్చినవానికి 7 ఏండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జుల్మానా. ఇక వ్యసనమునకు లోబడినవాడు కొద్దిపాటి మందుతో పట్టుబడినను, తానై చికిత్సకు సిద్ధపడినచో వానిని ప్రాసిక్యూషను నుండి విముక్తుని చేయుటకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమే 64ఏ సెక్షనులో దారి చూపుచున్నది. అమ్మువానికి చెఱసాల, చిక్కినవానికి చికిత్స: చట్టము చెప్పు ధర్మమిది. మన బడులు దీనిని తలక్రిందులు చేసినవి. అమ్మువాని జోలికి పోరు, చిక్కినవానికి శిక్ష.

మరియొక సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టము 16వ సెక్షను ప్రకారము ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ పిల్లవానిని బడినుండి వెళ్లగొట్టరాదు. ఆ గడప దాటిన తొమ్మిది, పది తరగతుల బాలునికి ఆ రక్ష లేదు. ప్రమాదము హెచ్చు వయస్సుననే రక్ష తొలగిపోవుచున్నది! వివేకమునకు స్థానమగు మెదడు ముందుభాగము 25 ఏండ్ల ప్రాయము దరిదాపుల వరకు పూర్తిగ పరిణతి చెందదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కోరిక ముందుగ మేల్కొనును. దానికి కళ్లెము వేయు శక్తి ఆలస్యముగ వచ్చును. ఆ నడుమనున్న యేండ్లలో బాలునికి కళ్లెముగ నుండవలసినవారు గురువులును తలిదండ్రులును. వారే చేయి విడిచినచో ఇక పట్టుకొనువాడెవడు? పాన్ డబ్బావాడే.

తోడివారికి మత్తు అమ్మిన విద్యార్థిని గూడ ఉపేక్షింపుమందువా యని నన్నడుగవచ్చును. ఉపేక్షింపుమనను. కాని అట్టి బాలుని వెనుక వానిచేత అమ్మించు పెద్దవాడొకడుండును. ఆ పెద్దవానికిని అదే చట్టము 78వ సెక్షను 7 ఏండ్ల శిక్ష విధించుచున్నది. ఆ బాలుని విషయము విచారించుటకు బాలల న్యాయమండలి యున్నది. ఎవరికిని చెప్పక టీసీ ఇచ్చి పంపిన బడి, ఆ పెద్దవానిని కాపాడుచున్నది. వాడు మరునాడు మరియొక బాలుని వెదకికొనును.

ఇక జూను 26 ఉపన్యాసముల సంగతి. భయంకరమైన చిత్రములు చూపి, చచ్చెదరని బెదరించి, ప్రతిజ్ఞ చేయించినచో పిల్లలు మత్తు ముట్టరని మనవారి నమ్మకము. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల కార్యాలయమువారు 2013లో ప్రకటించి, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలసి సవరించిన నివారణ ప్రమాణములలో ఈ నమ్మకమునకు ఆధారము లేదు. బెదరింపుల వలనను, వట్టి సమాచారము వలనను పిల్లల నడవడి మారదని వారు తేల్చిరి. స్నేహితుడు బలవంతపెట్టినప్పుడు వద్దనుట యెట్లో తరగతిలో మాటిమాటికి అభ్యాసము చేయించుట, కోపమును దుఃఖమును ఓర్చుకొను నేర్పు కలిగించుట, తలిదండ్రులకు పెంపకమున శిక్షణ యిచ్చుట, బడితో పిల్లవానికి అనుబంధము పెంచుట: ఫలమిచ్చినవి ఇవి. బడితో అనుబంధము రక్ష యని శాస్త్రము చెప్పుచుండగా, ఆ అనుబంధమునే ఛేదించు టీసీని మనము నివారణమని పిలుచుచున్నాము.

బడిని ఇంతగ నిందించితిని గదా, ఇంటిని విడిచిపెట్టను. తెలంగాణమున 21 ఏండ్లు నిండనివానికి మద్యమమ్మరాదు. కాని ఆదివారము నాడు స్నేహితులతో కూర్చుండి, 13 ఏండ్ల కొడుకును పిలిచి మంచుముక్కలు తెమ్మను తండ్రిని ఏ చట్టము పట్టుకొనగలదు? పెండ్లి బరాతులో సీసా పట్టుకొని చిందులు వేయు మేనమామను చూచి మురియు బాలునికి మనమేమని బోధింతుము? నిద్ర పట్టదని తల్లి మ్రింగు మాత్రల పట్టీ అలమారులో తెరచియుండును. దానిలో రెండు తగ్గినవని ఎవరును లెక్క చూడరు. కొడుకు మాటలాడుట తగ్గించెను, స్నేహితులను మార్చెను, డబ్బు ఎక్కువగ నడుగుచున్నాడు, మార్కులు పడిపోయినవి. ఇవన్నియు చూచియు, "వయసు అట్టిది" అని తల్లి సమాధానపడును. తెలిసినపిదప ఏమి చేయును? తండ్రికి తెలియనీయక దాచును. తండ్రికి తెలిసినచో బెల్టు తీయును. పిదప ఇరుగుపొరుగునకు తెలియనీయక దాచును. మనకు పిల్లవాని వ్యాధికంటె వీథిలోని మాట భయంకరమైనది. బడి పేరుకొఱకు వెళ్లగొట్టుచున్నది, ఇల్లు పేరుకొఱకు దాచుచున్నది, రెంటికిని మూలమొక్కటే.

మనకు పూర్వులు ఇట్లు చేయలేదు. ఈ ప్రాంతము రెసిడెన్సీ బజారుగ నుండిన దినములలోనే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఇచ్చట వెలసినది. కోఠికి కూతవేటు దూరముననున్న ఇసామియా బజారులో 1910లో మాదరి భాగ్యరెడ్డివర్మగారు దళిత బాలురకు బడి పెట్టిరి. 1906లో తాము స్థాపించిన జగన్మిత్ర మండలి ద్వారా భజనలు, హరికథలు చేయించి మద్యపానమును మాన్పించుటకు పాటుపడిన మహనీయులు వారే. త్రాగువారి యిండ్లలోని పిల్లలను దూరముగ నుంచి వారు సంస్కరణము చేయలేదు. ఆ పిల్లలకే పలక చేతికిచ్చి బడిలో కూర్చుండబెట్టిరి. బడియు, మద్యనిషేధమును వారికి రెండు పనులు కావు, ఒక్కటే.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలును అట్లే చేసిరి. 1991–92 సంవత్సరములలో రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు, సారాచే చెడిన సంసారము కథ పాఠముగ రాగా, అది తమ కథయే యని గ్రహించి, లేచిపోయి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొని 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చినది. 1997లో ప్రభుత్వము నిషేధమును తీసివేసినది. ఆ స్త్రీలు నేర్పిన పాఠమును ఎవరును తీసివేయజాలరు. వారు వెళ్లగొట్టినది దుకాణమును. త్రాగిన భర్తను, కొడుకును తమ యింటనే నిలుపుకొనిరి.

కావున చేయవలసినదేమి? ప్రతి పాఠశాలయు ఒక నియమమును వ్రాతపూర్వకముగ చేసికొనవలెను: మత్తు సేవించి పట్టుబడిన విద్యార్థికి టీసీ ఇయ్యము. వానిని తరగతిలోనే యుంచి, ఒక ఉపాధ్యాయుని తోడుగ నియమించి, తలిదండ్రులతో ఏకాంతమున మాటలాడి, వైద్యునియొద్దకు పంపవలెను. ప్రార్థనా సమావేశమున వాని పేరెత్తరాదు. ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమున వ్యసన విముక్తి వైద్యమున్నది. సలహాకొఱకు 14446 అను జాతీయ ఫోను సంఖ్యయు, అమ్మువానినిగూర్చి తెలుపుటకు ఈగిల్ దళమువారి 1908 సంఖ్యయు ఉన్నవి. ఈ రెండు సంఖ్యలు ప్రతి పిల్లవాని డైరీలో ముద్రింపవలెను. 2003 నాటి పొగాకు చట్టము ప్రకారము విద్యాలయమునకు 100 గజములలోపున పొగాకు అమ్మరాదు. తలిదండ్రులు పదిమంది టేపు పట్టుకొని తమ బడి గేటునుండి కొలిచి, ఆ లోపలనున్న డబ్బాలను తీయించువరకు విడువరాదు. పిల్లవాని సంచి వెదకు శ్రద్ధలో సగమైనను గేటు బయట వెదకుటకు చూపినచో, సంచి వెదకు పని చాలవరకు తప్పును.

మా వీథి బాలుని సంగతి చెప్పి ముగించెదను. నెలదినముల పిదప సిగ్గు విడిచి వారి యింటికి పోతిని. తల్లి తలుపు తీసి ఏడ్చెను. బాలుడు తల వంచుకొని కూర్చుండి, చాలసేపటికి ఒక్క మాట అనెను: "తాతయ్యా, టీసీ అయితే ఇచ్చినరు గాని, ఎందుకు తాగుతున్నవు రా అని ఒక్కరు గూడ అడగలే." నేనడిగితిని. వాడు చెప్పిన కారణము వానిది, ఇచ్చట వ్రాయను. కాని తరగతిలో ఒక గురువు పది నిముషములు ప్రక్కన కూర్చుండినచో తెలిసికొనదగినదే. ఇప్పుడు వాడు తల్లితో వైద్యునియొద్దకు పోవుచున్నాడు. చేర్చుకొనుమని మూడు బడుల గుమ్మములు ఎక్కితిమి. సంవత్సరము నడుమ టీసీ ఏల ఇచ్చిరని యడిగి, సంగతి విని, మూడు బడులవారును తమ బడికి పేరున్నదనియే చెప్పిరి.

చదువరులారా, మీ పిల్లల బడిలో తలిదండ్రుల సమావేశము జరుగునప్పుడు మార్కులనుగూర్చి, ఫీజులనుగూర్చి అడుగుదురు గదా. ఈసారి లేచి నిలిచి ఇంకొక్కటి అడుగుడు: మా పిల్లలలో ఎవడైన మత్తునకు చిక్కినచో మీరేమి చేయుదురు? జవాబు స్పష్టముగ వచ్చువరకు కూర్చుండకుడు. అడిగినందులకు మీ కొడుకుపైననే అనుమానము వచ్చునని జంకకుడు. ఆ జంకే ఇంతవరకు తెచ్చినది. పేరు పోయిన బడికి మరల పేరు వచ్చును. పోయిన పిల్లవాడు మరల రాడు.